తారకేశ్ ఏడవకూడదు

కంప్యూటర్ తెర మీద ఎర్ర గీత పోవడం లేదు.

"ఏమైందమ్మా?" ఆపరేషన్ థియేటర్ బట్టల్లోనే పరుగున వచ్చిన డాక్టర్ సనపల చక్రధర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మీ తమ్ముడికి జ్వరం మళ్ళీ పెరిగింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి సగం తెల్లగా ఉంది. గొంతులో ఆ ట్యూబు ఉన్నంతకాలం ఇన్‌ఫెక్షన్ తగ్గదు. ఇవాళ చిప్ పెట్టకపోతే రేపు పెట్టడానికి మనిషి ఉండడు."

"వాచ్‌మన్ ఒప్పుకోవట్లేదు సార్," అంది హైమవతి.

వాచ్‌మన్ మనిషి కాదు. హైమవతి రాసిన ప్రోగ్రాము.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండవాలు మీద ఉన్న ఆ ఆసుపత్రి ల్యాబులో, వెన్నుపాము దెబ్బతిని సొంతంగా ఊపిరి తీసుకోలేని వాళ్ళ కోసం ఒక చిప్ తయారుచేశారు. బియ్యపు గింజంత ఉంటుంది. మెదడు పంపే సంకేతాన్ని మెడ దగ్గర అందుకుని, తెగిపోయిన నరం బదులు అదే ఛాతీని నడిపిస్తుంది, అవసరమైతే గొంతునూ మూస్తుంది. అందులో ఉండేది ఒకే ఒక్క ఫంక్షన్, అంటే వచ్చిన సంకేతానికి తగ్గ పని చేసే ప్రోగ్రాము ముక్క. దాని పేరు 'ఊపిరి'. మెదడు 'దగ్గు' అని పంపితే దగ్గిస్తుంది. 'మాట' అని పంపితే గాలిని సన్నగా వదులుతుంది. 'నిద్ర' అని పంపితే నెమ్మదిస్తుంది.

చిక్కల్లా ఒకటే. నరానికి ఒకసారి అతుక్కున్నాక ఆ చిప్‌ను మళ్ళీ తియ్యలేరు. లాగితే నరమూ ఊడివస్తుంది. లోపలి ప్రోగ్రామును బయటి నుంచి మార్చే దారి కూడా లేదు. ఒక మనిషి ఊపిరి ఇంకొకరి కీబోర్డు చివర ఉండకూడదని, ఆ దారిని కావాలనే మూసేశారు. కాబట్టి తప్పేదైనా ఉంటే ముందే దొరకాలి. ప్రోగ్రాము కంపైలయ్యేటప్పుడే, అంటే చిప్ భాషలోకి మారేటప్పుడే, ఇంకా ఎవరి ప్రాణమూ దాని మీద ఆధారపడకముందే పట్టుకోవాలి.

ఆ పని వాచ్‌మన్‌ది. ఒక్కో సంకేతాన్నీ చూపించి, 'ఇది వస్తే నువ్వు తీసుకుంటావా?' అని 'ఊపిరి'ని అడుగుతుంది. అన్నిటికీ అవునని వస్తే ఆకుపచ్చ గీత. ఒక్కదానికి కాదని వచ్చినా ఎర్ర గీత. ఇక చిప్ తయారవదు.

"దేనికి కాదంటోంది?"

"దగ్గు, తుమ్ము, ఆవులింత, నవ్వు, కేక, భయం... ఐసీయూలో వాడి మెదడు నుంచి మనం రికార్డు చేసిన అన్నిటికీ అవునంది సార్. చివర్న పేరులేని సంకేతం ఒకటి పెట్టాను. మనం రికార్డు చెయ్యనిదేదైనా వస్తే ఏం చేస్తావని. దానికి కాదంటోంది."

"మనం రికార్డు చెయ్యనిది ఇంకేం ఉంటుంది?"

"తెలిస్తే పేరే పెట్టేదాన్ని కదా సార్."

డాక్టర్ చక్రధర్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "ఎక్కిళ్ళలాంటిది ఏదో వస్తుంది, పోతుంది. దగ్గులాగే అనుకోమను. గొంతు మూసి, ఆ సంకేతం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఆగాక వదలమను. అంతకంటే ఏం కావాలి?"

ఇంకొకరి తమ్ముడైతే హైమవతి ఒప్పుకునేది కాదు. వారం పాటు కూర్చుని ఆలోచించేది. కానీ కింది అంతస్తులో ఉన్నది తన తమ్ముడు. గబగబా ఒక ముక్క రాసి చేర్చింది. 'వేరే ఏది వచ్చినా సరే, రానియ్యి. గొంతు మూసి, అది ఆగాక వదులు.' ఎవరొచ్చినా లోపలికి నడిచేలా తలుపు బార్లా తీసినట్టయింది. వాచ్‌మన్ చూసేది తలుపునే. లోపలికి వెళ్ళినవాడికి ఏమవుతుందో దానికి తెలియదు.

గీత ఆకుపచ్చగా మారింది.

"పద," అన్నాడు డాక్టర్.

*

ట్యూబు తీసి, గొంతు దగ్గరి రంధ్రం మూసేశాక, తారకేశ్ సొంతంగా తీసుకున్న మొదటి ఊపిరిని ల్యాబంతా గాజు తలుపు అవతల నిలబడి చూసింది. ఛాతీ లేచింది. దిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఏటక్కా," అన్నాడు తారకేశ్ బొంగురు గొంతుతో. "అందరూ అలా చూస్తన్నారేటి? నేనేటి గుడ్డెట్టేనా?"

హైమవతి నవ్వింది. వాడూ నవ్వాడు. చిప్ ఆ నవ్వును అందుకుంది. ఛాతీ చిన్న చిన్న కుదుపులతో ఊగింది. విజయనగరం స్కూల్లో పిల్లల చేత పరుగులు తీయించే పీఈటీ మాస్టారి నవ్వు, ఏమీ మారకుండా అలాగే ఉంది.

నవ్వు ఆగాక వాడు అడిగాడు. "ఝాన్సీకి ఎలాగుంది?"

"కాలు విరిగింది. కట్టు కట్టారు. బొబ్బిలిలో వాళ్ళమ్మ దగ్గరుంది." ఈ మాటలు హైమవతి ఎన్నోసార్లు మనసులో చెప్పుకుంది. అందుకే తడబడలేదు. "ఫోన్లో మాట్లాడుదువు గాని."

ఝాన్సీ లేదు. ఆనందపురం దాటాక, రోడ్డు పక్కన ఆపి ఉన్న లారీని భార్యాభర్తలిద్దరూ వస్తున్న కారు గుద్దుకున్నప్పుడే పోయింది. తారకేశ్ వెంటిలేటర్ మీద ఉండగానే బొబ్బిలిలో అన్నీ జరిగిపోయాయి. వాడికి చెప్పొద్దని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. మన ఇళ్ళల్లో దానికి చర్చ అక్కర్లేదు. మంచం మీదున్న మనిషికి చావు కబురు చెప్పకూడదు, అంతే. ఐసీయూలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ తలుపు ముందు ఆగి, మొహం తుడుచుకుని, నవ్వు తగిలించుకుని వెళ్ళారు. నర్సులు కూడా వాడితో జోకులే వేశారు. గొంతులో ట్యూబుతో మాట లేక, ఆ నవ్వు మొహాలన్నీ వాడు చూస్తూ పడుకున్నాడు.

ఫోను చేసింది స్రవంతి. ఝాన్సీకి చెల్లెలు. అక్క గొంతే చెల్లెలిదీ. ఆ ఇంట్లో ఇద్దరూ ఉన్నప్పుడు ఫోనెత్తితే కన్నతండ్రే పొరబడేవాడు.

హైమవతి స్పీకర్ నొక్కి ఫోను తమ్ముడి దిండు మీద పెట్టింది.

"మాస్టారూ, నేనే." ఝాన్సీ అలాగే పిలిచేది.

"ఓలమ్మో, బతికే ఉన్నావా? ఏ కాలే విరిగింది?"

"ఎడమది."

"పోన్లే. తన్నేది కుడికాలితోనే కదా నువ్వు."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత నవ్వు. "మీరు బాగా తినండి. నా గురించి బెంగెట్టుకోకండి. మీరు జాగ్రత్తగా ఉంటే అంతే చాలు."

"అలాగేనమ్మా. సెలవిచ్చేరు కదా, తింటాను."

హైమవతి వరండాలోకి వచ్చి స్రవంతికి ఫోన్ చేసింది. "బాగా మాట్లాడావు స్రవంతీ. వాడు నమ్మాడు."

అవతల తలుపు మూసిన చప్పుడు.

"వదినా," అంది స్రవంతి, ఇప్పుడు తన మామూలు గొంతుతో. "నేను మాట్లాడతంటే మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అక్కొచ్చిందనుకుని."

*

తారకేశ్ కోలుకుంటున్నాడు. వేళ్ళు కదుల్తున్నాయి. మోచేతులు మడుస్తున్నాడు. కాళ్ళకి ఇంకా కాలం పడుతుందన్నారు. డాక్టర్ చక్రధర్ ఇంకో ఇద్దరు పేషెంట్లకు చిప్ పెట్టేందుకు అనుమతి కోసం రాశాడు. రోజూ సాయంత్రం ఝాన్సీ ఫోను వచ్చేది.

ఒక మధ్యాహ్నం స్కూలు పిల్లలు పంపిన వీడియో చూపించి, హైమవతి కాఫీ కోసం బయటికి వెళ్ళింది. కప్పు పట్టుకుని తిరిగి వస్తుండగా వాడి గదిలో అలారం మోగడం వినిపించింది.

తారకేశ్ నోరు తెరుచుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. కళ్ళు మాత్రం అక్క కోసం వెతుకుతున్నాయి. నర్సు మాస్కు పెట్టి గాలి సంచీ నొక్కుతోంది. సంచీ నొక్కుడు పడటం లేదు.

"గొంతు మూసుకుపోయింది మేడమ్! గాలి దిగట్లేదు!"

"తారకా! ఒరే, నన్ను చూడు! నన్ను చూడరా!"

వాడు చూశాడు. కళ్ళు ఆమె మొహం మీద నిలిచాయి. కొద్దిసేపటికి ఏదో తాళం వీడినట్టు గొంతు తెరుచుకుంది. గాలి ఈలలా లోపలికి దూసుకుపోయింది.

రంగు తిరిగొచ్చాక హైమవతి అడిగింది. "ఏమైందిరా?"

"ఏటీ లేదే. పిల్లలు గోల చేస్తంటే నవ్వొచ్చి, ఆ నవ్వు దగ్గయింది." వాడు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఆ కాఫీ నాకేనా?"

చిప్‌ను మార్చలేకపోయినా, అది దాచుకున్న చిట్టాను బయటి నుంచి చదవచ్చు. ల్యాబులో హైమవతి ఆ చిట్టా తెరిచింది. ఊపిరి ఆగిన సమయంలో వచ్చింది దగ్గు కాదు. నవ్వు కాదు. పేరులేని సంకేతం. ఒకటి కాదు, వెంట వెంటనే, ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. ప్రతిదానికీ చిప్ ఆమె రాసినట్టే చేసింది. గొంతు మూసింది. సంకేతం ఆగేదాకా బిగబట్టింది. వదిలేలోగా ఇంకోటి వచ్చింది. మళ్ళీ మూసింది.

ఆ వరుసను ఆమె తెర మీద పెద్దది చేసి చూసింది. చిన్న ఎగపీల్పు. ఆగడం. ఎగపీల్పు. ఎగపీల్పు. ఆగడం.

వాడు ఏడ్చాడు.

ఐసీయూలో రికార్డు చేసినన్ని రోజులూ ఆ గదిలో నవ్వించారు, తుమ్మించారు, భయపెట్టి కూడా చూశారు. ఏడుపు మాత్రం రికార్డు కాలేదు. ఎలా అవుతుంది? వాడి ముందు ఎవరూ ఏడవలేదు. వాణ్ణి ఏడవనివ్వలేదు. ఊపిరికి సంబంధించిన సంకేతాలన్నీ రాసుకున్నప్పుడు ఏడుపు అనే మాట ఎవరి నోటికీ రాలేదు. ఆ గదిలో దాన్ని తలవకూడదని అందరూ అంతగా అలవాటు పడిపోయారు.

"ఊహ కావచ్చు," అన్నాడు డాక్టర్ చక్రధర్, విన్నాక. ఆయన మొహం మాత్రం అలా అనడం లేదు. "పరీక్షించి చూద్దాం."

పరీక్ష బల్ల మీద గాజు పెట్టెలో రెండు రబ్బరు తిత్తులున్నాయి. తారకేశ్ మెడలో ఉన్నటువంటి చిప్పే వాటిని నడిపిస్తోంది. హైమవతి తల చుట్టూ తీగల పట్టీ కట్టుకుని, ఆ పెట్టె ముందు కూర్చుంది. తిత్తులు ఆమె ఊపిరితో పాటు ఉబ్బుతున్నాయి, ముడుచుకుంటున్నాయి.

"ఏడువమ్మా," అన్నాడు డాక్టర్, ఎటో చూస్తూ.

ఆమెకు ఏడుపు రాలేదు. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆమె ఏడవనేలేదు. తీరిక దొరకలేదు. తమ్ముణ్ణి బతికించాలి, ప్రోగ్రాము పూర్తి చెయ్యాలి, మొహం తుడుచుకుని గదిలోకి వెళ్ళాలి. ఝాన్సీని తలుచుకుంది. పెళ్ళయిన కొత్తలో తన ఇంటికొచ్చి, "మీరు అలా కూర్చోండి వదినగారూ, మీ వంట నేను తినలేను, నేనే వండుకుంటాను," అన్న పిల్ల. మొహం మీదే అనేది. ఏదీ దాచుకునేది కాదు.

హైమవతికి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. భుజాలు ఎగిరిపడ్డాయి. తెర మీద వాచ్‌మన్ ఆ సంకేతాన్ని చూపించి 'తీసుకుంటావా?' అని అడిగింది. 'తీసుకుంటాను' అని జవాబు. ఆకుపచ్చ గీత వెలిగింది.

ఆమె ఏడుస్తున్నంతసేపూ గాజు పెట్టెలో రబ్బరు తిత్తులు కదల్లేదు.

*

"చిప్ తియ్యలేం," డాక్టర్ చక్రధర్ తన గదిలో చెప్పాడు. "ఆ సంగతి నీకు నాకంటే ఎక్కువ తెలుసు. అతను ఏడవాలంటే దారి ఒకటే, మెడ మీద అయస్కాంతం పెడితే చిప్ ఆగుతుంది. ఆపరేషన్ల కోసం పెట్టుకున్న ఏర్పాటు. కానీ చిప్ ఆగితే వెంటిలేటర్ కావాలి. మాస్కు సరిపోదు. ఏడ్చేటప్పుడు గొంతు దానంతటదే మూసుకుపోతుంటుంది. గొంతు కింద మళ్ళీ రంధ్రం చేసి ట్యూబు పెట్టాలి."

"పెడితే?"

"పోయినసారి ఆ ట్యూబే ఇన్‌ఫెక్షన్ తెచ్చింది. కుడి ఊపిరితిత్తి ఇంకా పూర్తిగా బాగవలేదు. ఈసారి వస్తే నా దగ్గర వెయ్యడానికి మందు మిగల్లేదు." ఆయన చేతులు బల్ల మీద పెట్టాడు. "చెప్పకుండా ఉంటే బతుకుతాడు హైమా. కోలుకుంటాడు. ఇప్పటిదాకా ఎలా నడిచిందో అలాగే నడిపించండి."

"ఎన్నాళ్ళు సార్?"

ఆయన బల్ల మీది కేసు కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

హైమవతి ల్యాబుకి వెళ్ళి, ప్రోగ్రాములోంచి ఆ బార్లా తెరిచిన తలుపును తీసేసింది. ఎర్ర గీత వచ్చింది. తర్వాతి పేషెంట్ల కోసం దాన్ని అలాగే ఉంచమని అందరికీ చెప్పింది. తమ్ముడికి అది పనికిరాదు.

ఆ సాయంత్రం స్రవంతికి ఫోన్ చేసి అంతా చెప్పింది. "ఏడిస్తే వాడు పోతాడు. నువ్వు మానకూడదు స్రవంతీ. వాడు నడిచేదాకా. ఆ తర్వాత ఏదో ఒకటి ఆలోచిద్దాం. ఝాన్సీ గొడవపడి పుట్టింట్లో ఉండిపోయిందని చెబుదాం. వాడు తిట్టుకోనీ. కోపానికి ఊపిరి ఆగదు."

"మా అక్క మీద అలాంటి మాటెడతారా?"

"వాడు బతకాలి."

"నేను మాత్రం ఏటయిపోవాలి వదినా?" స్రవంతి గొంతు పెరిగింది, వెంటనే తగ్గింది. పక్కన తల్లి ఉన్నట్టుంది. "మా అక్క పోయిన్నాటి నుంచి నేను ఏడవలేదు. తెలుసా మీకు? ఏడిస్తే గొంతు రాసుకుపోతాది. సాయంత్రం ఫోన్లో బావ పట్టేస్తాడు. దినాల్లో కూడా నోట్లో గుడ్డెట్టుకుని కూచున్నాను. అందరూ కన్నీళ్ళు లేని రాయి గుంట అన్నారు."

"ఇవాళ ఒక్కరోజుకి చెయ్యమ్మా," అంది హైమవతి. రేపు కూడా అదే మాట అంటుందని ఇద్దరికీ తెలుసు.

ఫోను వచ్చేసరికి హైమవతి తమ్ముడి పక్కనే కూర్చుంది. ఒక కన్ను వాడి ఛాతీ మీద ఉంచింది.

"మాస్టారూ, ఎలా ఉన్నారు?"

"ఇవాళ చెంచా పట్టుకున్నానే. సగం నోట్లోకి, సగం చొక్కా మీదకి. నువ్వుంటే ఏటనేదానివి?"

"మంచిదే కదండీ. మెల్లగా వస్తాది. తొందరేం లేదు."

తారకేశ్ చూపు పైకప్పు మీదకి తిప్పుకున్నాడు. తర్వాత, చిన్నపిల్లను బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

"ఇంక పెట్టియ్ స్రవంతీ. నువ్వు బాగా అలిసిపోయావు."

ఫోన్లో ఊపిరి బిగబట్టిన చప్పుడు. ఆ తర్వాత లైను కట్టయింది.

హైమవతి ఎగిరి లేచింది. నర్సు కోసం గంట నొక్కబోయింది.

"కంగారు పడకక్కా. ఏడవనులే." వాడి ఛాతీ నెమ్మదిగా లేచి దిగుతోంది. "మొదటి ఫోనుకే తెలిసింది నాకు. ఝాన్సీ అయితే ముందు తిట్టేది కదే. నిదానంగా నడపమంటే విన్నారా అని చెడామడా దులిపేసి, ఆ తర్వాత ఎలాగున్నారని అడిగేది. ఈ పిల్ల రోజూ జాగ్రత్త జాగ్రత్త అంటాది. ఒక్కసారీ కోప్పడదు."

"తారకా..."

"ఆ రోజు ఊపిరాగింది వీడియో చూసి కాదు. నువ్వు కాఫీకెళ్ళావు. అప్పటిదాకా నా ఎదర ఎవరో ఒకరు ఉండేవారు. ఒక్కణ్ణే ఉండేసరికి ఇంక ఆపుకోలేకపోయాను. ఏడుపొచ్చింది. ఊపిరాగిపోయింది." వాడు ఆమె వైపు చూశాడు. "నీ చిప్పులో ఏదో మర్చిపోయావనిపించింది. అప్పట్నుంచీ ఏడుపొస్తే జోకేసుకుంటున్నాను. నవ్వు మాత్రం చాలా బాగా రాసేవక్కా. ఎక్కడా ఆగదు."

హైమవతి మంచం అంచు మీద కూలబడింది. తను ఏం రాసిందో, ఎందుకు రాసిందో, ఏం మిగిలిందో అంతా చెప్పింది. అయస్కాంతం సంగతి, ట్యూబు సంగతి, ఇన్‌ఫెక్షన్ సంగతి. వాడు మధ్యలో అడ్డుపడలేదు.

"అయితే ఆ ట్యూబెట్టించు," అన్నాడు చివరికి.

"ఒద్దురా. డాక్టరుగారు ఏమన్నారో చెప్పాను కదా. ఇలాగే ఉండు. నవ్వుతూనే ఉందువు. నీకేం కావాలన్నా నేను—"

"అక్కా." వాడు మెల్లగా వేలు కదిపి ఆమె చెయ్యి తాకాడు. "కారు నడిపింది నేను. ఝాన్సీ చితికి నిప్పు కూడా నేను పెట్టలేదు. ఇంక బతికినన్నాళ్ళూ దాన్ని తలుచుకున్నప్పుడల్లా జోకేసుకోమంటావా? అది విందంటే ఏమనుకుంటాది? నేను పోయేను, మాస్టారు నవ్వుకుంటన్నారు అనుకోదా?"

"నువ్వు కూడా పోతే నాకెవరున్నార్రా?"

వాడు ఏదో అనబోయాడు. పెదవి వణికింది. హైమవతి వాడి కళ్ళల్లోకి చూసి భయపడింది. వాడు పళ్ళు బిగించి, గోడ వైపు చూసి, ఊపిరి అదుపులోకి తెచ్చుకున్నాడు. ఆ కొద్ది క్షణాలు చూశాక హైమవతి లేచి డాక్టర్ గదికి బయల్దేరింది.

*

డాక్టర్ చక్రధర్ మొదట కుదరదన్నాడు. తర్వాత తారకేశ్ దగ్గర కూర్చుని మాట్లాడి వచ్చి, ఉదయమే అయితే చేస్తానన్నాడు. సాయంత్రంలోగా ట్యూబు తీసేసి రంధ్రం మూసెయ్యాలి. జ్వరం మొదలైతే అంతకంటే ముందే తీసెయ్యాలి.

స్రవంతి పొద్దున్నే బొబ్బిలి నుంచి వచ్చింది. బావ మొహం చూడలేక గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రావే. దొంగమొహమా," అన్నాడు తారకేశ్. "మీ అక్కని బాగానే దించావు. తిట్లు నేర్చుకోలేకపోయావు, అంతే."

"తిట్టాలంటే నోరు రాలేదు బావా."

"కూచో. ట్యూబెడితే నాకు మాటుండదు. అందుకే ముందే చెబుతున్నా. నీకు తెలిసిందంతా చెప్పు. ఏ చీర కట్టేరు, ఎవరు మోసేరు, నా బదులు ఎవరు నిలబడ్డారు. బావ ఏటైపోతాడో అని ఏదీ దాచకు." తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఆ తీగలు నా తలకి కట్టు. రికార్డు చేసుకో. నీ దగ్గర లేంది ఇదొక్కటే కదా. నా తర్వాతోడికి పనికొస్తాది."

హైమవతి తీగల పట్టీ కట్టింది. కంప్యూటర్లో కొత్త సంకేతానికి పేరు అడిగే చోట 'ఏడుపు' అని కొట్టింది. ఆ ల్యాబులో ఆ మాట రాయడం అదే మొదటిసారి.

రంధ్రం చేశారు. ట్యూబు దింపారు. వెంటిలేటర్ మొదలైంది. అది ఒకే వేగంతో గాలి కొడుతుంది. లోపలి మనిషి నవ్వినా ఏడ్చినా దానికి సంబంధం లేదు. హైమవతి అయస్కాంతాన్ని తమ్ముడి మెడ పక్కన చేత్తో అదిమి పట్టింది. చిప్ ఆగిపోయింది. చాలనిపిస్తే కళ్ళు గట్టిగా మూసుకుంటానని వాడు ముందే చెప్పాడు.

స్రవంతి మొదలుపెట్టింది. "ఆకుపచ్చ చీర కట్టేరు బావా. నువ్వు పోయినేడు కొన్నావే, అదే. అక్క దాన్ని దాచుకుంది, ఒక్కసారి కూడా కట్టలేదు. జడ నేను వేశాను. దెబ్బ తగిలిన పక్క కనబడకుండా పూలు పెట్టాను..."

తారకేశ్ మొహం ముడుచుకుపోయింది. కన్నీళ్ళు రెండు చెవుల్లోకీ కారాయి. నోరు తెరుచుకుంది. గాలి ట్యూబులోంచే పోతోంది కాబట్టి గొంతులోంచి శబ్దం రాలేదు. చప్పుడు లేకుండా వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఛాతీ మాత్రం మిషన్ కొట్టినట్టే, తొందర లేకుండా లేచి దిగుతోంది.

వాడి గొంతులోంచి రానిది స్రవంతి గొంతులోంచి వచ్చింది. చెబుతూ చెబుతూ ఆమె ఒక్కసారి ఘొల్లుమంది. వాడి చేతి మీద మొహం పెట్టుకుని బిగ్గరగా, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. మళ్ళీ తేరుకుని చెప్పడం మొదలుపెట్టినప్పుడు గొంతు పూర్తిగా రాసుకుపోయి ఉంది. అందులో ఝాన్సీ గొంతు లేదు.

ఎండ మంచం మీంచి గోడ మీదకి జరిగింది. హైమవతి చెయ్యి తిమ్మిరెక్కింది. నర్సు వచ్చి తను పట్టుకుంటానంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

డాక్టర్ చక్రధర్ వచ్చి తారకేశ్ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. థర్మామీటర్ చూశాడు. ఇంకోసారి చూశాడు. హైమవతి వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"వేడి మొదలైంది హైమా. ఇంక తీసేద్దాం."

ఆమె తమ్ముడి కళ్ళల్లోకి చూసింది. అవి మూసుకోలేదు. తడితో మెరుస్తూ, పూర్తిగా తెరుచుకుని, స్రవంతి పెదాల మీదే ఉన్నాయి. ఇంకా చెప్పమని అడుగుతున్నాయి.

డాక్టర్ చెయ్యి అయస్కాంతం వైపు వచ్చింది. హైమవతి దాన్ని ఇంకా గట్టిగా అదిమింది.

"చెప్పు స్రవంతీ," అంది. "పాడె మోసినవాళ్ళు మీ వీధి మలుపు తిరిగారు. తర్వాత?"